వధువుకు 2778, వరుడికి 88: మిడిల్ ఎర్త్ జాతుల ఆయుష్షు

పెళ్లినాటికి వధువు వయసు 2778 ఏళ్లు, వరుడి వయసు 88. ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రచయిత టోల్కీన్ కల్పించిన మిడిల్ ఎర్త్ లోకంలో, మూడో యుగం 3019వ సంవత్సరం నడివేసవి నాడు, మనుషుల రాజ్యమైన గోండోర్ రాజధానిలో జరిగిన వివాహం అది. వధువు ఆర్వెన్, ఎల్ఫులనే అమరజాతి పెద్దల్లో ఒకడైన ఎల్రాండ్ కూతురు. వరుడు అరగోర్న్ మనిషి. అంత వయసులోనూ ఆమె ముఖం మీద ఒక్క ముడత లేదు. ఎనభై దాటిన అతను అప్పుడే ఒక మహాయుద్ధం నడిపించి వచ్చాడు. జుట్టులో కాస్త నెరుపు తప్ప అతనిలోనూ ముసలితనపు జాడ లేదు.

ఫాంటసీ కథల అభిమానులు తరచుగా అడిగే ప్రశ్న ఏ జాతి ఎన్నేళ్లు బతుకుతుంది అని. ఎల్ఫులకు చావు లేదు, డ్వార్ఫులకు 250, మనిషిలో సగం ఎత్తుండే హాబిట్లకు 100 అని ఒక పట్టిక వేసుకుంటే జవాబు దొరికినట్టే ఉంటుంది. చాలా కల్పిత లోకాల్లో నిజంగానే అంతకు మించి ఏమీ ఉండదు. మూడు వందల ఏళ్లు బతికిన పాత్ర కూడా పాతికేళ్ల కుర్రవాడిలాగే ఆలోచిస్తుంది, మాట్లాడుతుంది. మిడిల్ ఎర్త్‌లో మాత్రం ఆయుష్షు ఒక్క అంకెతో తేలదు. ఎంత నెమ్మదిగా ఎదుగుతారు, ఎదిగాక ఎంతకాలం అలా నిలుస్తారు, చివరికి ఎలా వెళ్లిపోతారు అన్న మూడు సంగతులూ ఒక్కో జాతిలో ఒక్కో తీరున ఉంటాయి. వాళ్ల పెళ్లిళ్లు, సంతానం, పగప్రతీకారాలు, భయాలు అన్నీ ఆ తీరును బట్టే నడుస్తాయి.

ఎల్ఫుల బాల్యం గురించి టోల్కీన్ విడిగా ఒక వ్యాసమే రాసిపెట్టుకున్నారు. ఆయన 1973లో కన్నుమూశాక, కుమారుడు క్రిస్టఫర్ సంపాదకత్వంలో 1993లో అది అచ్చయింది. దాని ప్రకారం ఎల్ఫు బిడ్డ తల్లి కడుపులో ఏడాది పాటు ఉంటుంది. వాళ్లు ఏటా తలచుకునేది పుట్టిన రోజును కాదు, గర్భం నిలిచిన రోజును. ఏడాది నిండకముందే బిడ్డకు మాటలు, నడక, నాట్యం కూడా వచ్చేస్తాయి. మొదటి రెండు మూడేళ్లు మనిషి బిడ్డను పక్కన కూర్చోబెడితే తేడా పోల్చుకోవడం కష్టం. ఆ తర్వాత మనిషి బిడ్డ చకచకా ఎదిగిపోతుంది. అతను నిలువెత్తు యువకుడయ్యేనాటికి, అదే ఏడు పుట్టిన ఎల్ఫు చూడటానికి ఏడేళ్ల పిల్లవాడిలా ఉంటాడు. వాడి మాటలు, ఆలోచనలు మాత్రం ఏడేళ్లవి కావు. ఎల్ఫుల శరీరం పూర్తిగా ఎదగడానికి 50 ఏళ్లు పడుతుంది, కొందరికి నూరేళ్లు కూడా.

చావులేని జాతి లోకమంతా ఎందుకు నిండిపోలేదన్న ప్రశ్నకూ అక్కడే జవాబు ఉంది. ఎల్ఫులు ఎక్కువగా యాభై దాటిన కొద్దికాలానికే పెళ్లి చేసుకుంటారు, పిల్లల్ని ఆ తొలి రోజుల్లోనే కంటారు. నలుగురికి మించి కనడం అరుదు. ఏడుగురు కొడుకులను కన్న ఫెయనోర్ పేరు అందుకే ప్రత్యేకంగా నిలిచిపోయింది. బిడ్డను కనడంలో తల్లిదండ్రుల మనసులోని, శరీరంలోని సత్తువ పెద్ద పాలు బిడ్డలోకి వెళ్లిపోతుందని వాళ్ల నమ్మకం. యుద్ధాలు, వలసలు ఉన్న కాలంలో పిల్లల్ని కనకూడదనీ అనుకుంటారు. ఆ పర్వం ముగిశాక మనసు పాటల మీదికో, లోహాల పని మీదికో మళ్లుతుంది. వేల ఏళ్ల బతుకులో సంసారం ఒక తొలి అధ్యాయం మాత్రమే.

ముసలితనం, రోగం ఎల్ఫులను చంపలేవు. కత్తి చంపగలదు, దుఃఖం చంపగలదు. చనిపోయిన ఎల్ఫు ఆత్మ పడమటి దేశంలోని మాండోస్ మందిరాలకు చేరుతుంది. కొందరికి మళ్లీ శరీరం దక్కుతుంది కూడా. లోకం ఉన్నంతకాలం వాళ్లు లోకాన్ని విడిచి పోలేరు. అయితే కాలం వాళ్లను అసలు తాకదనుకుంటే పొరపాటే. వాళ్ల ఆత్మ యుగాల తరబడి లోపలి నుంచి శరీరాన్ని కొంచెం కొంచెంగా కాల్చేస్తూ ఉంటుంది. చివరికి శరీరం ఒక జ్ఞాపకంలా పలచబడి కంటికి ఆనకుండా పోతుంది. ఓడరేవును కాచే కీర్దాన్‌ను చూస్తే ఈ సంగతి కొంత తెలుస్తుంది. ఎల్ఫులకు గడ్డాలు ఉండవు, అతనికి మాత్రం పొడవైన నెరిసిన గడ్డం ఉంది. బతుకు మూడో దశలోకి అడుగుపెట్టాకే ఎల్ఫులకు గడ్డం వస్తుందని టోల్కీన్ ఒక టిప్పణిలో రాసుకున్నారు.

కాలం ఎల్ఫులకు ఎలా గడుస్తుందో లెగొలస్ అనే ఎల్ఫు ఒకచోట చెబుతాడు. లోత్‌లోరియెన్ అడవిలో కొద్ది రాత్రులే గడిపామనుకున్న సామ్ అనే హాబిట్, బయటికి వచ్చి నెలవంకను చూసి కంగారుపడతాడు. లెక్క ప్రకారం చంద్రుడు అలా కనిపించకూడదు. నిజానికి వాళ్లు ఆ అడవిలో దాదాపు నెల రోజులు ఉన్నారు. అప్పుడు లెగొలస్ అంటాడు: తమకు లోకం అతి వేగంగానూ కదులుతుంది, అతి నెమ్మదిగానూ కదులుతుంది. తాము పెద్దగా మారరు, చుట్టూ ఉన్నవన్నీ పరుగెత్తిపోతాయి, అందుకు వేగం. పోయే ఏళ్లను తమ కోసం లెక్కపెట్టుకోరు, అందుకు నెమ్మది. అమరత్వం గురించి ఫాంటసీ సాహిత్యంలో ఇంత సూటిగా చెప్పిన మాట అరుదు. నిన్న నాటిన మొక్క ఇవాళ మానై కూలిపోతే, నిన్న పలకరించిన మనిషి మనవడు ఇవాళ ముసలివాడై ఎదురైతే ఎలా ఉంటుందో ఊహించుకోవాలి. ఎల్ఫుల మూడు ఉంగరాలు ఈ బాధ నుంచి పుట్టినవే. యుద్ధం చేయడానికో ఏలడానికో వాటిని చేయలేదు. ప్రేమించినది వాడిపోకుండా ఆపడానికి చేశారు. ఎల్రాండ్ సభలో ఒక క్షణం ఉంది: చీకటి ప్రభువు సౌరాన్ మీదికి కదిలిన సేన జెండాల గురించి అతను వర్ణిస్తుంటే హాబిట్ ఫ్రోడో నిర్ఘాంతపోతాడు. ఆ యుద్ధం జరిగి మూడు వేల ఏళ్లు దాటింది. పాతకథల్లో విన్నది ఎదురుగా కూర్చున్నవాడు కళ్లారా చూసి చెబుతున్నాడు.

డ్వార్ఫుల తీరు పూర్తిగా వేరు. కొండల కింద గనులు తవ్వుకుంటూ, లోహాన్ని, రాతిని నమ్ముకుని బతికే ఈ పొట్టి జాతికి చావు ఉంది, కానీ అది తొందరపడదు. సగటున 250 ఏళ్లు బతుకుతారు. మూడు వందలు నిండిన డ్వార్ఫు, మనుషుల్లో నూరేళ్లు నిండినవాడంత అరుదు. ముప్పై ఏళ్లు వచ్చేదాకా కష్టమైన పనికి, యుద్ధానికి పనికిరాని పసివాళ్లుగా చూస్తారు. ఆ తర్వాత శరీరం ఒక్కసారిగా గట్టిపడుతుంది. నలభై వచ్చేసరికి అందరూ ఒకే వయసువాళ్లలా కనిపిస్తారు. నలభై ఏళ్ల డ్వార్ఫునూ రెండు వందల ఏళ్ల డ్వార్ఫునూ ముఖం చూసి వేరుచేయడం బయటివారి వల్ల కాదు. అలా రెండు శతాబ్దాలు బండరాయిలా నిలిచి, 240 దాటాక గబగబా ముడతలు పడి, జుట్టు తెల్లబడి, పదేళ్లలో వెళ్లిపోతారు. మనిషిలా ఏళ్ల తరబడి కుంగిపోవడం వాళ్లకు లేదు.

దీన్ని ఒక్క బతుకులో చూడాలంటే డయిన్ ఐరన్‌ఫుట్ కథ చాలు. మూడో యుగం 2799లో, డ్వార్ఫులు కోల్పోయిన పాత భూగర్భ నగరం మోరియా వాకిట జరిగిన యుద్ధంలో ఓర్కుల నాయకుడు అజోగ్ తల నరికినప్పుడు డయిన్ వయసు 32. అతని జాతి లెక్కలో ఇంకా కుర్రవాడే. ఆ వాకిట్లోంచి లోపలికి తొంగిచూసి, పాలిపోయిన ముఖంతో దిగివచ్చి, లోపల ఇంకా ఆ పాత భయం కాచుకుని ఉంది, వెళ్లవద్దు అని పెద్దలకే చెప్పాడు. ఆ తర్వాత 220 ఏళ్లకు, 3019లో, ఎరెబోర్ కోట గుమ్మం ముందు, నేలకొరిగిన మిత్రుడు బ్రాండ్ రాజు దేహానికి అడ్డంగా నిలబడి, గొడ్డలి తిప్పుతూ ప్రాణం విడిచాడు. అప్పటికి అతనికి 252. ఈ రెండు యుద్ధాల నడుమ మనుషుల్లో ఏడెనిమిది తరాలు దొర్లిపోయాయి.

ఇక్కడ తేదీలు కాస్త జాగ్రత్తగా చూస్తే ఒక విశేషం కనబడుతుంది. డ్వార్ఫుల రాజు థ్రోర్ పుట్టింది 2542లో, అతని కొడుకు థ్రాయిన్ 2644లో, మనవడు థోరిన్ 2746లో. తరానికీ తరానికీ మధ్య సరిగ్గా 102 ఏళ్లు. డ్యూరిన్ వంశం పట్టికలో ఇంకా పైకి వెళ్లినా ఎడం నూరేళ్ల దరిదాపుల్లోనే ఉంటుంది. ఆడవాళ్లు జాతిలో మూడో వంతుకన్నా తక్కువ, అందులోనూ అందరూ పెళ్లాడరు. మగవాళ్లలో చాలామంది చేతిపనిలో పడి పెళ్లి ఊసే ఎత్తరు. అందుకే జాతి మెల్లగా పెరుగుతుంది, ఒక్క యుద్ధంలో పోయినవారి లోటు తీరడానికి శతాబ్దాలు పడుతుంది. పగ సంగతీ అంతే. డ్రాగన్ వచ్చి ఎరెబోర్‌ను ఆక్రమించుకున్నప్పుడు థోరిన్‌కు 24 ఏళ్లు. తిరిగి వెళ్లి దాన్ని దక్కించుకునేనాటికి 195. మనుషుల్లో అయితే 171 ఏళ్ల కిందటి అన్యాయం తాతలు చెప్పిన కథగా మారిపోయి ఉండేది. థోరిన్‌కు అది తన సొంత జ్ఞాపకం, తాను పెరిగిన ఇంటి వాసన. డ్వార్ఫుల మొండితనాన్ని జాతి గుణంగా కొట్టిపారేసేవారు ఈ లెక్కను ఒకసారి చూడాలి. అంత ఆయుష్షు ఉన్నవారికి మరపు అంత సులువుగా రాదు.

ఎంట్ల గురించి రెండు మాటలు చాలు. చెట్లను కాచే ఈ మహాకాయులకు ముసలితనపు చావు లేదు. కానీ వాళ్ల ఆడవాళ్లు తప్పిపోయారు, కొత్తగా పిల్లలు పుట్టడం లేదు. కొందరు కదలడం మానేసి చెట్లుగా మారిపోతున్నారు. చావు లేకపోయినా జాతి అంతరిస్తోంది. ఓర్కుల ఆయుష్షుకు టోల్కీన్ అంకె చెప్పలేదు గానీ ఒక ఆధారం వదిలారు. అజోగ్ 2799లో చనిపోతే అతని కొడుకు బోల్గ్ 2941లో యుద్ధం చేస్తూ పడిపోయాడు. అంటే కనీసం 142 ఏళ్లు బతికాడన్నమాట.

హాబిట్లు మనకు దగ్గరివాళ్లు. నూరేళ్లు బతకడం వాళ్లలో వింత కాదు, మైనారిటీ తీరేది మాత్రం 33 ఏళ్లకు. ఇరవైల్లో ఉన్నవాళ్లను బాధ్యత తెలియని వయసువాళ్లుగా చూసి, ఆ వయసుకు ఒక ప్రత్యేకమైన పేరు కూడా పెట్టుకున్నారు. ఓల్డ్ టుక్ అనే పెద్దాయన 130 ఏళ్లు బతికి రికార్డు నెలకొల్పాడు. మూడో యుగం 3001లో బిల్బోకు 111, అతను పెంచుకున్న ఫ్రోడోకు 33. ఆ జంట పుట్టినరోజు విందుకు వచ్చిన ఊరివాళ్లు బిల్బోను చూసి ఏళ్లుగా గుసగుసలాడుకుంటున్నారు. యాభైలో ఎలా ఉన్నాడో నూటపదకొండులోనూ అలాగే ఉన్నాడు, ఇది మంచికి కాదు అని. వాళ్ల అనుమానం నిజమే. బిల్బో దగ్గర సౌరాన్ చేసిన మహా ఉంగరం ఉంది.

టోల్కీన్ ఆయుష్షు గురించి చెప్పినవాటిలో అన్నిటికన్నా పదునైనది ఈ ఉంగరం సంగతే. ఉంగరం కొత్త ప్రాణం పోయదు, ఉన్న ప్రాణాన్నే సాగదీస్తుంది. చాలీచాలని వెన్నను పెద్ద రొట్టె మీద పూసినట్టుగా ఉందని బిల్బో స్వయంగా చెప్పుకుంటాడు. బిల్బోకు ముందు ఆ ఉంగరాన్ని దాచుకున్న గొల్లుమ్ దాదాపు 590 ఏళ్లు ఉన్నాడు. అందులో ఎదుగుదల ఏదీ లేదు, ఒక్కో నిమిషం మోయలేని బరువు మాత్రమే. ఉంగరం నాశనమయ్యాక బిల్బో మీద వయసు ఒక్కసారిగా వచ్చి పడింది. 131 నిండి, ఓల్డ్ టుక్ రికార్డును ఒక్క ఏడాదితో దాటిన సంతోషంతో పడమటి దేశానికి ఓడ ఎక్కిన బిల్బో, ఎక్కువసేపు నిద్రమత్తులో ఉండే పండుముసలి. ఆపి ఉంచిన ముసలితనం ఎక్కడికీ పోలేదు, వడ్డీతో సహా తిరిగి వచ్చింది.

ఉంగరం లేకుండా కూడా మనసు మీది భారం మనిషిని ముందే ముసలివాణ్ణి చేయగలదని చెప్పడానికి కథలో ఒక జోడీ ఉంది. గోండోర్ పాలకుడు డెనెథోర్ పుట్టింది 2930లో, అరగోర్న్ 2931లో. ఒక్క ఏడాది తేడా. ఇద్దరి రక్తమూ ఒకే పాత దీవి నుంచి వచ్చింది. యౌవనంలో ఇద్దరూ ఒకే నగరంలో పనిచేశారు, అరగోర్న్ మారుపేరుతో డెనెథోర్ తండ్రి కొలువులో ఉన్నాడు. 3019 నాటికి డెనెథోర్ ముసలివాడు, అరగోర్న్ కాడు. దూరదృశ్యాలు చూపే రాయిలోకి చూస్తూ శత్రువు సౌరాన్ సంకల్పంతో ఏళ్ల తరబడి ఒంటరిగా పెనుగులాడటం డెనెథోర్‌ను లోపలి నుంచి తినేసింది.

ఆ పాత దీవి న్యూమెనార్. తొలి యుగం చివర మనుషుల్లో తమ పక్షాన నిలిచిన వంశాలకు దైవశక్తులు ఇచ్చిన నేల. ఎల్రాండ్ తోడబుట్టిన ఎల్రోస్ దానికి మొదటి రాజు. ఎల్ఫుల రక్తం, మనుషుల రక్తం కలిసిన ఆ అన్నదమ్ములకు ఏ జాతివైపు వెళ్లాలో ఎంచుకునే అవకాశం దొరికింది. ఎల్రాండ్ ఎల్ఫుగా ఉండిపోయాడు. ఎల్రోస్ మనిషిగా 500 ఏళ్లు బతికి వెళ్లిపోయాడు. అతని ప్రజలకు మామూలు మనుషులకన్నా మూడు రెట్ల ఆయుష్షు దక్కింది. ఎదుగుదల మాత్రం మామూలు మనుషుల వేగంతోనే సాగేది, ఎదిగాక వయసు నెమ్మదించేది. ఒక దశలో లోకం మీద విసుగు లాంటిది మొదలవుతుంది. సత్తువ తీరబోతోందని దానికి అర్థం. అప్పుడు ప్రశాంతంగా ప్రాణం విడవాలి. విడవకుండా పట్టుకుని వేలాడితే క్షీణత మామూలు మనుషులకు వచ్చినంత వేగంగా వస్తుంది, మహా అయితే పదేళ్లలో బుద్ధి కూడా చెడుతుంది. భీష్ముడి స్వచ్ఛంద మరణం తెలిసిన పాఠకులకు ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. అయితే భీష్ముడు ఉత్తరాయణం కోసం ప్రాణాన్ని నిలుపుకున్నాడు, న్యూమెనార్ రాజులు వేళ మించకముందే దాన్ని వదలాలి.

పదమూడో పాలకుడు తార్ అతనమిర్ వదలలేదు. 421 ఏళ్లు బతికి, చివరి రోజుల్లో మతి చెడి, కొడుక్కు సింహాసనం అప్పగించకుండానే చనిపోయాడు. ఆ తర్వాత వచ్చినవారిలో భయం ముదిరింది. ఎంత పట్టుకుంటే అంత తరిగినట్టు తరతరానికీ ఆయుష్షు తగ్గుతూ వచ్చింది. బతికున్నవారి ఇళ్లకన్నా చనిపోయినవారి సమాధులు ఘనంగా కట్టారు. ఆయుష్షు పెంచే విద్య కోసం వెతికి వెతికి, శవం చెడకుండా దాచే విద్య నేర్చుకున్నారు. చివరికి అర్ ఫరజోన్ అనే రాజు అమరత్వాన్ని బలవంతంగా లాక్కోవడానికి రెండో యుగం 3319లో దేవతల దేశం మీదికి నౌకాదళంతో వెళ్లాడు. దీవి మొత్తం సముద్రంలో మునిగిపోయింది. కొడుకు యౌవనాన్ని అడిగి పుచ్చుకున్న యయాతి కథ దీనికి దగ్గరగా ఉంటుంది. కానీ యయాతికి చివరికి కనువిప్పు కలిగింది, తీసుకున్నది పూరుడికి తిరిగి ఇచ్చేశాడు. ఫరజోన్‌కు ఆ ఘడియ రాలేదు.

ఈ కథలన్నిటి కింద ఒక ధైర్యమైన ఊహ ఉంది. మిడిల్ ఎర్త్‌లో మరణం మనుషులకు సృష్టికర్త ఇచ్చిన కానుక. ఎల్ఫులు లోకానికి కట్టుబడి ఉండాలి, మనుషులు మాత్రం లోకాన్ని దాటి వెళ్లగలరు. ఎక్కడికన్నది ఎల్ఫులకూ తెలియదు. కానుకను శిక్షగా భావించడం ఆదిశత్రువు మెల్కోర్ నాటిన భయం. తన కథ అసలు విషయం మరణమూ అమరత్వమూ అని టోల్కీన్ 1956లో ఒక ఉత్తరంలో రాశారు. ఆయనకు ఇది పుస్తకాల్లోంచి వచ్చిన ఆసక్తి కాదు. నాలుగేళ్ల వయసులో తండ్రి పోయాడు, పన్నెండేళ్లకు తల్లి పోయింది. 1916లో సోమ్ యుద్ధభూమిలో ఆయన ఉన్నారు. 1918 నాటికి ఆప్తమిత్రుల్లో ఒక్కరు మాత్రమే మిగిలారు. ఆక్స్‌ఫర్డ్‌లోని వుల్వర్‌కోట్ శ్మశానంలో భార్య ఎడిత్ పేరు కింద లూథియెన్ అని, ఆయన పేరు కింద బెరెన్ అని చెక్కి ఉంటుంది. బెరెన్ అనే మనిషి కోసం తన అమరత్వాన్ని వదులుకున్న మొదటి ఎల్ఫు కన్య లూథియెన్.

ప్రేమ ఫలించని జంట కథ కూడా ఆయన రాశారు. బెయోర్ వంశపు ఆండ్రెత్ తెలివైన స్త్రీ. యౌవనంలో ఆయెలుయిన్ సరస్సు ఒడ్డున ఆమె జుట్టులో నక్షత్రాల కాంతి చూసి ఎల్ఫు రాకుమారుడు ఎగ్నోర్ మనసు పారేసుకున్నాడు, కానీ పెళ్లాడకుండా వెళ్లిపోయాడు. కథ నడిచేనాటికి ఆమెకు 48. అతని అన్న ఫిన్రోడ్‌తో కూర్చుని మాట్లాడుతుంటుంది. తమ్ముడు ఆమెను తిరస్కరించలేదని, యుద్ధకాలంలో ఎల్ఫులు పెళ్లాడరని, సరస్సు ఒడ్డున చూసిన ఆ రూపాన్నే లోకం ఉన్నంతకాలం గుండెలో దాచుకుంటాడని ఫిన్రోడ్ ఓదారుస్తాడు. ఆమెకు అది చాలదు. ఒక్క ఏడాది కోసం, ఒక్క రోజు కోసం అన్నీ వదులుకునేదాన్ని అంటుంది. అమరుడికి జ్ఞాపకం చాలు, ఎందుకంటే అతనికి జ్ఞాపకం వాడిపోదు. నలభై ఎనిమిదేళ్ల స్త్రీకి కావలసింది పక్కన మనిషి. ఇద్దరి మాటలోనూ తప్పు లేదు, అందుకే ఆ సంభాషణ అంత బాధపెడుతుంది.

ఆర్వెన్‌కు ఆ పక్కన ఉండటం 120 ఏళ్లు దక్కింది. లూథియెన్ లాగే ఆమె కూడా అమరత్వాన్ని వదులుకుంది. నాలుగో యుగం 120వ ఏట, తన 210వ పుట్టినరోజైన మార్చి 1న, అరగోర్న్ రాజుల సమాధి మందిరానికి వెళ్లి, సిద్ధం చేసి ఉంచిన పడక మీద పడుకున్నాడు. కిరీటం కొడుకు చేతికి ఇచ్చాడు. శరీరం కుంగి, బుద్ధి చెదిరిపోకముందే వెళ్తానన్నాడు. న్యూమెనార్ తొలి రాజులు చేసిన పనే అది. ఇంకొన్నాళ్లు ఉండమని ఆర్వెన్ బతిమాలింది. ఎల్ఫుల ఇంట పెరిగినంతకాలం ఆమెకు ఆ దీవి ప్రజల కథ తెలుసు. కానుకను చూసి భయపడి మునిగిపోయిన మూర్ఖులుగానే వాళ్లను తలచుకుంది. దాదాపు 2900 ఏళ్లు నిండాక, ఆ పడక పక్కన నిలబడినప్పుడు, ఇప్పుడు వాళ్ల మీద జాలి కలుగుతోందని భర్తతో చెప్పింది. తర్వాత పిల్లల దగ్గర సెలవు తీసుకుని, అందరూ వెళ్లిపోయిన లోత్‌లోరియెన్‌కు ఒంటరిగా చేరింది. చలికాలం దాకా అక్కడ ఉంది. మల్లోర్న్ చెట్ల ఆకులు రాలుతున్నాయి, వసంతం ఇంకా రాలేదు. తామిద్దరూ మాట ఇచ్చిపుచ్చుకున్న కెరిన్ అమ్రోత్ గుట్ట మీదే ఆమె పడుకుంది.